ఆవు మెడ మీద రెండు సూదులు

సంక్రాంతి సంచికకి ఏదన్నా రాయమని మన సంపాదకవర్గం వాళ్ళు అడిగితే, కనుమ పండక్కి తగ్గట్టు ఆవుల గురించి రాస్తానని ఒప్పుకున్నాను. ఆవులతో మొదలుపెడితే క్షయ దగ్గరికి వెళ్ళక తప్పదని మాత్రం అప్పుడు వాళ్ళకి చెప్పలేదు. పండగపూట ఈ రోగాల గోలేమిటని విసుక్కోకండి. నేను ఆస్పత్రిలో చేసేది మైక్రోబయాలజీ. మన పండగలన్నిట్లోనూ పులిహోర ప్లేటు చేత్తో పట్టుకుని నన్ను మెల్లిగా పక్కకి పిలిచి అడిగే ప్రశ్నలు రెండున్నాయి. మొదటిది: "మా ఆవిడకి ఉద్యోగంలో చేరేముందు టి.బి. టెస్టు చేస్తే పాజిటివ్ వచ్చిందండీ. చిన్నప్పటి బి.సి.జి. వల్లే కదా?" రెండోది: "మా బాబు ఇక్కడే పుట్టాడు, వాడి భుజం మీద మచ్చ లేదు. సెలవులకి ఊరెళ్ళినప్పుడు వేయించెయ్యమంటారా?"

రెండు ప్రశ్నలకీ మూలం ఒక్కటే. ఒంట్లో ఏదో సూక్ష్మజీవికి ఎదురుతిరిగిన గుర్తు కనపడింది. ఆ సూక్ష్మజీవి క్షయదా, క్షయకి అన్నదమ్ముడిదా, దూరపు చుట్టానిదా? ఈ తేడా తేల్చడానికి వందేళ్ళు పైగా పట్టింది. ఆ కథలో ఐర్లండు ఆవులకీ, మన మదనపల్లెకీ ఇద్దరికీ భాగం ఉంది.

ముందు ఈ కుటుంబాన్ని పరిచయం చేస్తాను. మైకోబాక్టీరియం అన్నది వాళ్ళ ఇంటిపేరు. మనుషుల్లో క్షయ తెచ్చేది ట్యుబర్‌క్యులోసిస్. పశువులకి తెచ్చేది బోవిస్, ఇది పచ్చిపాల ద్వారా మనుషులకీ వస్తుంది. పక్షుల్లో ఉండేది ఏవియమ్. కుష్ఠు తెచ్చేది లెప్రే. ఇవి కాక మట్టిలో, చెరువుల్లో, కుళాయి నీళ్ళలో ఎవరి జోలికీ పెద్దగా పోకుండా బతికేవి డజన్లకొద్దీ ఉన్నాయి. అన్నిటికీ మైనం లాంటి మందపు గోడే, అన్నిట్లోనూ చాలా ప్రోటీన్లు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. మన ఒళ్ళు పరాయిదని గుర్తుపట్టి తిరగబడే ఆ ప్రోటీన్లనే యాంటిజెన్లు అంటాం. మన స్కూలు పుస్తకాల్లో ప్రతిజనకాలు అని ఉండేది. అన్నదమ్ముల పోలికలు ఎక్కువైతే పోలీసు ఎవర్ని పట్టుకోవాలో తెలియక అందర్నీ పట్టుకుంటాడు చూడండి, చర్మం మీద చేసే పాత టి.బి. టెస్టు సరిగ్గా అలాంటి పోలీసు.

1890లో రాబర్ట్ కోఖ్ క్షయ సూక్ష్మజీవుల్ని పెంచి, ఆ ద్రవాన్ని మరగకాచి వడకట్టి, ట్యుబర్‌క్యులిన్ అని పేరు పెట్టి, ఇదే మందు అన్నాడు. మందుగా అది పనికిరాలేదు. కానీ క్షయ సోకినవాళ్ళ చర్మంలో రవ్వంత ఎక్కిస్తే రెండు మూడు రోజుల్లో గట్టిగా గడ్డలా లేస్తుందని తేలింది. 1907లో ఫాన్ పిర్కే, 1908లో మాంటూ దాన్ని పరీక్షగా మలిచారు. 1930లలో అమెరికాలో ఫ్లారెన్స్ సైబర్ట్ అనే ఆవిడ ఆ కషాయంలోంచి ప్రోటీన్లని శుద్ధిచేసి పి.పి.డి. తయారుచేసింది. శుద్ధి అన్నానే గాని, అదీ వందల ప్రోటీన్ల కలగూర గంపే. అందులో క్షయకే సొంతమైనవి కొన్ని, కుటుంబమంతటికీ ఉమ్మడివి బోలెడు.

ఇక ఆవుల దగ్గరికి వద్దాం.

ఐర్లండులో మనుషులకన్నా పశువులే ఎక్కువ, అరవై లక్షలు దాటి ఉంటాయి. మా ఇంటి వెనక గోడ దాటితే ఒక పెద్దాయన పాడి ఫారం. పేరు రాయను, ఆయనకి ఇష్టముండదు. ఓ ఏడాది ఆయన పశువులకి టెస్టు చేసే రోజున వచ్చి చూడమన్నాడు. ఈ దేశంలో ప్రతి మందకీ ఏడాదికి ఒకసారన్నా ఈ టెస్టు తప్పదు. 1954లో మొదలైన ప్రభుత్వ కార్యక్రమం ఇది.

వెటర్నరీ డాక్టరు ఒక్కో ఆవుని ఇనప చట్రంలోకి తోలించి, మెడ పక్కన రెండుచోట్ల, ఒకటి పైన ఒకటి కింద, వెంట్రుకలు కత్తిరించాడు. చర్మాన్ని రెండు వేళ్ళతో మడతపట్టి, క్యాలిపర్‌తో మందం కొలిచి మిల్లీమీటర్లు పైకి చదివితే ఆయన కొడుకు పుస్తకంలో రాసుకున్నాడు. తరవాత పైచోట పక్షి క్షయ పి.పి.డి., కిందచోట పశువుల క్షయ పి.పి.డి., చెరి 0.1 మిల్లీలీటరు సూది వేశాడు. 72 గంటల తరవాత మళ్ళీ వచ్చి అవే రెండు చోట్ల మళ్ళీ కొలవాలి.

రెండు సూదులు ఎందుకు? ఇక్కడ ఉన్నదంతా ఆ రెండో సూదిలోనే. పచ్చిక బయళ్ళలో పక్షుల రెట్టలు, మట్టి, చిత్తడి నేల. ఆవు అక్కడ మేస్తూ ఏవియమ్‌నీ దాని చుట్టాల్నీ మింగుతూనే ఉంటుంది. ఒక్క బోవిస్ సూదే వేస్తే, ఏ జబ్బూ లేని ఆవుకి కూడా ఉమ్మడి ప్రోటీన్ల మూలంగా గడ్డ లేస్తుంది. రెండూ వేసి పోల్చితే ఒంట్లో ఎవరి మీద కోపం ఎక్కువుందో తెలుస్తుంది. కింద గడ్డ పై గడ్డ కన్నా 4 మిల్లీమీటర్లకి మించి లేస్తే ఆ ఆవు రియాక్టరు. పై గడ్డే పెద్దదైతే అది పక్షుల తాలూకు గొడవ, ఆవు బతికిపోయింది. మధ్యలో ఉంటే మళ్ళీ టెస్టు.

మూడోరోజు పొద్దున ఆ పెద్దాయన టీ కూడా సరిగ్గా తాగలేదు. రియాక్టరని తేలితే ఆవు కబేళాకే. నష్టపరిహారం వస్తుంది, నిజమే, కానీ మంద మొత్తం అమ్మకాలు ఆగిపోతాయి. అరవై రోజుల ఎడంతో రెండుసార్లు వరసగా శుభ్రంగా వస్తే గాని తాళం తీయరు. ఆ ఏడాది ఆయనకి ఒక ఆవు పోయింది, ఎనిమిది ఈతలు ఈనిన ఆవు. "మీ దేశంలో ఇలాంటిదాన్ని ఏం చేస్తారు?" అని అడిగాడు. మా దగ్గర దేశమంతటా ఇలా టెస్టు చేసి చంపే పద్ధతి లేదన్నాను. "మరి పాలు?" అన్నాడు. పొంగేదాకా కాచకుండా మా ఇళ్ళలో ఎవరూ తాగరు అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, మా నాన్న పచ్చిపాలే తాగేవాడు, మా చిన్నాన్న మెడమీద గడ్డలతో పోయాడు, అన్నాడు. ఆ కాలంలో ఇక్కడ పిల్లల మెడ గ్రంథులకీ, ఎముకలకీ క్షయ పట్టించినవాటిలో పచ్చిపాలకి పెద్ద వాటాయే ఉంది. మన అమ్మమ్మలకి బోవిస్ పేరు తెలియకపోయినా పాలు పొంగించడం తెలుసు!

మనుషుల సంగతికొస్తే, క్షయ విషయంలో ఐర్లండు మనకేమీ తీసిపోలేదు. 1952లో కూడా ఈ చిన్న దేశంలో దాదాపు ఏడువేలమందికి కొత్తగా క్షయ కనిపించింది. ఇప్పుడు ఏటా కొన్ని వందలు మాత్రమే. 1912లో డబ్లిన్ పక్కన పీమౌంట్‌లో శానిటోరియం కడుతుంటే, మా ఊళ్ళో ఈ రోగం వద్దని జనం కొంత కూలగొట్టారట. ఇంట్లో క్షయ ఉందంటే పెళ్ళిళ్ళు కుదరవని దాచిపెట్టడం వాళ్ళకీ ఉంది. తల్లినీ తండ్రినీ తోబుట్టువుల్నీ క్షయకి పోగొట్టుకుని, తనకీ అదే జబ్బు వచ్చి తేరుకున్న డాక్టరు నోయెల్ బ్రౌన్ 1948లో ఆరోగ్యమంత్రి అయ్యాక శానిటోరియం పడకలు గబగబా పెంచాడు. ఆయనకన్నా ముందు, అంతగా పేరు వినపడని డాక్టరు డొరతీ ప్రైస్ ఉంది. తోటి డాక్టర్లు పట్టించుకోని రోజుల్లో పిల్లలకి ట్యుబర్‌క్యులిన్ టెస్టు చెయ్యాలని పట్టుబట్టి, 1937లో డబ్లిన్‌లోని సెయింట్ అల్టన్స్ పిల్లల ఆస్పత్రిలో ఐర్లండుకి బి.సి.జి.ని తీసుకొచ్చింది ఆవిడే. నన్నడిగితే ఆవిడకే ఎక్కువ దణ్ణం పెడతాను. టెస్టు లేకపోతే వాక్సిన్ ఎవరికి వెయ్యాలో ఎలా తెలుస్తుంది?

అన్నట్టు, డబ్లిన్ గురించి ఇంకోమాట. ట్రినిటీ కాలేజీలో విన్సెంట్ బారీ బృందం క్షయ మందుకోసం వెతుకుతూ 1954లో బి663 అనే ఎర్రటి పదార్థం తయారుచేసింది. అదే క్లోఫాజిమిన్. క్షయకన్నా దాని చుట్టం కుష్ఠు మీద అది బాగా పనిచేసింది. చర్మం నల్లబరిచే ఆ ఎర్ర మాత్ర మన ఊళ్ళ కుష్ఠు ఆస్పత్రుల్లో పనిచేసిన డాక్టర్లందరికీ గుర్తుండే ఉంటుంది. ఈమధ్య మందులకి లొంగని క్షయకి మళ్ళీ దాన్నే వాడుతున్నారు.

ఇప్పుడు మదనపల్లె. ఆ ఊరి పక్కన ఆరోగ్యవరంలో మిషన్ వాళ్ళ క్షయ శానిటోరియం 1910లలో, పీమౌంట్ కాలంలోనే, వెలిసింది. దాన్ని నడిపినవాళ్ళు డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్-మోలర్ కుటుంబం, ముందు తండ్రి క్రిస్టియన్, తరవాత కొడుకు యోహానెస్. 1948లో మనదేశంలో బి.సి.జి. మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి ట్యుబర్‌క్యులిన్ టెస్టులు, ఎక్స్‌రేలు చేశారు. అప్పట్లో ఈ వాక్సిన్ అంటే అనుమానాలు తక్కువేం కావు. 1955లో రాజాజీ అంతటివాడు బహిరంగంగా వద్దన్నాడు.

మన ప్రాంతంలో తేలిన చిత్రమేమిటంటే, చర్మం మీద గడ్డలు రెండురకాలుగా విడిపోలేదు. ఉత్తర యూరప్‌లో అయితే క్షయ సోకినవాళ్ళకి పెద్ద గడ్డ, సోకనివాళ్ళకి దాదాపు ఏమీ లేనట్టు, మధ్యలో గీత గీసెయ్యచ్చు. దక్షిణ భారతదేశంలో పెద్దవాళ్ళలో చాలామందికి అటూ ఇటూ కాని మధ్యరకం గడ్డ. కారణం మన మట్టీ నీళ్ళూనే. కాలికి చెప్పు లేకుండా పొలంలో నడిచి, చెరువు నీళ్ళలో ఈదిన మనిషి, ఆ ఐరిష్ ఆవు లాగే, అడవిజాతి మైకోబాక్టీరియాలతో చిన్నప్పటి నుంచే పరిచయం చేసుకుంటాడు.

1968లో చెంగల్పట్టు జిల్లాలో రెండున్నర లక్షలకి పైగా జనంతో బి.సి.జి. మీద మొదలైన పెద్ద పరీక్షలో అందుకే రెండు ట్యుబర్‌క్యులిన్లు వాడారు. ఒకటి క్షయది, రెండోది ఏవియమ్‌కి దగ్గర చుట్టమైన ఇంట్రాసెల్యులారేది. ఆవు మెడమీద చేసిందే మనిషి ముంజేతి మీద చేశారన్నమాట. రెండోదానికి పెద్దవాళ్ళలో దాదాపు అందరికీ గడ్డ లేచింది. 1979లో ఫలితాలు బయటికొచ్చాయి. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల క్షయని బి.సి.జి. ఆపలేదని తేలి ప్రపంచమంతా ఉలిక్కిపడింది. అంతకుముందు 1973లో ఫ్రిమోట్-మోలర్, ఆచార్యులు, కేశవ పిళ్ళై మదనపల్లె లెక్కలు ప్రచురించారు. మట్టి సూక్ష్మజీవులు ముందే కొంత రక్షణ ఇచ్చేస్తే బి.సి.జి. కొత్తగా చేసేదేముంటుంది అన్న వాదన ఇలాంటి లెక్కల మీదే బలపడింది. పసిపిల్లల్లో మెదడు పొరలకి వచ్చే క్షయ లాంటి భయంకరమైన వాటిని అది అడ్డుకుంటుందన్న విషయంలో మాత్రం పేచీ లేదు, అందుకే మనదేశంలో పుట్టగానే వేస్తున్నారు.

సరే, కలగూర గంపలో ఏ కూర ఎవరిదో విడదీయడం ఎలా? ల్యాబులో దీనికి మొదటి మంచి దారి చూపించింది స్వీడన్ శాస్త్రవేత్త ఔఖ్టర్‌లోనీ, 1940లలో. ఇది ఎంత తేలికంటే మన ఇంటి వంటగదిలో అర్థమవుతుంది. చైనా గ్రాస్ తెలుసుగా, పాలలో వేసి జెల్లీ చేస్తాం. అదే అగర్. గాజుపళ్ళెంలో అగర్ పోసి గడ్డకట్టించి, మధ్యలో ఒక చిన్న గుంట, చుట్టూ మరికొన్ని గుంటలు తీస్తారు. మధ్య గుంటలో క్షయ ప్రోటీన్లు ఎక్కించిన కుందేలు సీరమ్, అంటే యాంటీబాడీలు. చుట్టూ గుంటల్లో ఒకదాంట్లో ట్యుబర్‌క్యులోసిస్ రసం, పక్కదాంట్లో బోవిస్, ఆ పక్కన ఏవియమ్. రాత్రంతా వదిలేస్తే రెండువైపుల నుంచీ మెల్లిగా జెల్లీలోకి ఊరుతాయి. యాంటీబాడీ తనకి తగిన యాంటిజెన్‌ని కలిసినచోట సన్నటి తెల్లగీత పడుతుంది.

అందమంతా పక్కపక్క గుంటల గీతలు కలిసేచోట ఉంటుంది. రెండిట్లో ఉన్నది ఒకే యాంటిజెన్ అయితే ఆ రెండు గీతలూ చుక్కల ముగ్గులో గీతల్లా వంపు తిరిగి కలిసిపోతాయి. సంబంధం లేనివైతే ఒకదాన్నొకటి దాటుకుని అడ్డంగా పోతాయి. సగం పోలికైతే కలిసినట్టే కలిసి, ఒకవైపు చిన్న కొమ్ము బయటికి పొడుచుకొస్తుంది. ఆ కొమ్ములోనే, ఇతనిలో ఉండి అతనిలో లేనిది ఏదో ఉందన్న సాక్ష్యం. నేను చదువుకునే రోజుల్లో ఆ కొమ్ముకోసం పళ్ళాన్ని దీపం ముందు తిప్పి తిప్పి చూసేవాళ్ళం, కళ్ళు లాగేవి.

తరవాత కరెంటుతో ప్రోటీన్లని ముందు విడదీసి, ఆపైన యాంటీబాడీల మీదికి అడ్డంగా నడిపించే పద్ధతులొచ్చాయి. ఒక్కో యాంటిజెన్‌కి ఒక్కో కొండలాంటి గీత లేస్తుంది, ఏ కొండ ఎవరెవరిలో ఉందో నెంబర్లేసి జాబితాలు రాసుకున్నారు. ల్యాబుకొక నెంబరు పెడితే గందరగోళమని 1971లో అమెరికా, జపాన్ శాస్త్రవేత్తలు కలిసి ఒక ఉమ్మడి కొలబద్ద తయారుచేశారు. 1980లలో ఒకే యాంటిజెన్‌ని పట్టే మోనోక్లోనల్ యాంటీబాడీలు, జీన్ క్లోనింగ్ వచ్చి పని వేగం పెంచాయి.

కానీ ఇక్కడొక మెలిక. ఇవన్నీ యాంటీబాడీల కొలతలు. క్షయతో పోరాడేది ముఖ్యంగా యాంటీబాడీలు కావు, టి కణాలు. కాబట్టి జాబితాలు తయారుచెయ్యడానికి పనికొచ్చిన పద్ధతి రోగిలో జబ్బు కనిపెట్టడానికి పనికిరాలేదు. పనికిరాదని తెలిశాక కూడా మన ఊళ్ళలో రక్తం చుక్కతో టి.బి. చెప్తామని కిట్లు ఏళ్ళ తరబడి అమ్మారు. జబ్బు లేనివాళ్ళు నెలల తరబడి మందులు మింగారు, ఉన్నవాళ్ళు లేదనుకుని ఇంటికెళ్ళారు. 2011లో ప్రపంచ ఆరోగ్యసంస్థ వాటిని వాడొద్దని గట్టిగా చెప్పింది, 2012లో భారత ప్రభుత్వం నిషేధించింది. ఊళ్ళో అమ్మానాన్నలకి ఎవరైనా యాంటీబాడీల రక్తపరీక్షతో క్షయ అని చెప్తే, కఫం పరీక్ష ఏదని అడగండి.

అసలు మలుపు బి.సి.జి. పుట్టుకలోనే దాగుంది. కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్ళు 1908 నుంచి 1921 దాకా, పదమూడేళ్ళు, ఒక ఆవు నుంచి తీసిన బోవిస్‌ని పశువుల పిత్తం కలిపిన బంగాళాదుంప మీద 230 సార్లు మార్చి మార్చి పెంచారు. పెంచగా పెంచగా దాని పదును పోయింది. అంటే మన భుజం మీద మచ్చ ఒక ఆవు క్షయ మనవడిది. పదును ఎందుకు పోయిందో డెబ్భై ఏళ్ళపాటు ఎవరికీ తెలియదు. 1996లో బి.సి.జి. డి.ఎన్.ఎ.నీ బోవిస్ డి.ఎన్.ఎ.నీ పక్కపక్కన పెట్టి తీసివేత లెక్క చేస్తే, బి.సి.జి.లో ఒక ముక్క గల్లంతైనట్టు కనపడింది. దానికి ఆర్.డి.1 అని పేరు. ఆ ముక్కలో తయారయ్యే రెండు చిన్న ప్రోటీన్లే ఈసాట్-6, సి.ఎఫ్.పి.-10. ఈసాట్-6ని అప్పటికే 1995లో కోపెన్‌హాగెన్ వాళ్ళు గుర్తించి ఉన్నారు.

మన పదో తరగతి సర్టిఫికెట్లో రెండు పుట్టుమచ్చలు రాసేవాళ్ళు గుర్తుందా? ఇవి అవే. ట్యుబర్‌క్యులోసిస్‌కి ఉన్నాయి, బోవిస్‌కి ఉన్నాయి. బి.సి.జి.కి లేవు, ఏవియమ్‌కి లేవు, మట్టిలో తిరిగే చుట్టాల్లో ఎక్కువమందికి లేవు. కాన్సాసై, మారినమ్ లాంటి కొద్దిమందికి మాత్రం ఉన్నాయి, కాబట్టి నూటికి నూరుపాళ్ళు అనకూడదు. 1998లో క్షయ జీనోమ్, 2003లో బోవిస్ జీనోమ్ పూర్తిగా చదివాక ఇలాంటి తేడాలన్నీ కాగితం మీదికి వచ్చేశాయి. ఆ రెండు పనుల్లోనూ పాలుపంచుకున్న స్టీఫెన్ గోర్డన్ తరవాత డబ్లిన్‌లో యూనివర్సిటీ కాలేజీ వెటర్నరీ విభాగానికి ఆచార్యుడుగా వచ్చాడు. ఆవులున్నచోటికే!

రక్తం గొట్టాల్లో తీసి, ఈ రెండు ప్రోటీన్ల ముక్కలు కలిపి, మన ఒంటి వేడిలో 37 డిగ్రీల దగ్గర ఒక రాత్రి ఉంచుతారు. క్షయతో ఇదివరకు తలపడిన టి కణాలుంటే అవి గామా ఇంటర్‌ఫెరాన్ విడుదల చేస్తాయి, దాన్ని కొలుస్తాం. పక్కనే ఏమీ కలపని గొట్టం ఒకటి, కణాలు బతికే ఉన్నాయో లేదో చూసే గొట్టం ఒకటి ఉంటాయి. ఇదే ఇగ్రా టెస్టు, క్వాంటిఫెరాన్ అన్న పేరుతో వినే ఉంటారు. మీకు తెలియంది చెప్తాను: ఈ పద్ధతిని మొదట తయారుచేసింది మనుషులకి కాదు, 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో ఆవులకి. తరవాతే మనుషులకొచ్చింది, అమెరికాలో 2001లో అనుమతి దొరికింది. ఐర్లండులో జబ్బు తేలిన మందల్లో, చర్మపరీక్షకి దొరకని ఆవుల్ని పట్టడానికి ఇప్పటికీ దాని తోబుట్టువు టెస్టునే వాడుతున్నారు.

ఇప్పుడు పులిహోర ప్లేటు ప్రశ్నలు. మనవాళ్ళలో ఇద్దరి సంగతి, ఎవరో గుర్తుపట్టకుండా చెప్తాను. ఒకమ్మాయి నర్సు, కేరళ స్నేహితురాళ్ళతో కలిసి ఇక్కడ ఉద్యోగానికొచ్చింది. చేరేముందు చర్మపరీక్షలో 14 మిల్లీమీటర్లు లేచింది. మూడురోజులు ఏడ్చింది, ఊళ్ళో సంబంధం మాట్లాడుతున్నారు, వాళ్ళకి తెలిస్తే ఎలాగని. చిన్నప్పుడు ఒకటీ, స్కూల్లో మరొకటీ, రెండుసార్లు బి.సి.జి. వేయించుకున్న పిల్ల. ఇగ్రా చేస్తే నెగెటివ్, ఎక్స్‌రే శుభ్రం. ఆవుభాషలో చెప్పాలంటే పై గడ్డే పెద్దది.

రెండో ఆయన ఇంజనీరు. ఆయనకీ చర్మపరీక్షలో పాజిటివే వచ్చింది. "బి.సి.జి. వల్ల, మనందరికీ ఇంతే" అని తనే తేల్చుకుని తరవాతి టెస్టుకి వెళ్ళలేదు. ఎవరిని చూసి ఆ ధైర్యమంటే, తనలాంటి నలుగురు స్నేహితులు అదే మాటన్నారు. నాలుగేళ్ళకి షుగరు వచ్చింది, ఆ తరవాత దగ్గు, బరువు తగ్గడం. కఫంలో సూక్ష్మజీవులు కనపడ్డాయి. ఆరునెలల మందులతో ఆయనకి నయమైంది, కానీ ఇంట్లో పరీక్షలు చేస్తే ఆరేళ్ళ పాపకి ఇగ్రా పాజిటివ్. జబ్బు ఇంకా బయటపడలేదు, నిద్రలో ఉన్న క్షయ. ఆ పాప కూడా నెలల తరబడి మాత్రలు మింగాల్సొచ్చింది.

ఈ "బి.సి.జి. వల్లే" అన్న మాటలో ఒక పొరపాటుంది. పుట్టగానే వేసిన బి.సి.జి. గుర్తు పదేళ్ళు దాటాక చర్మపరీక్షలో బహు కొద్దిమందికే మిగులుతుంది. కాస్త పెద్దయ్యాక వేయించుకున్నవాళ్ళకి ఎక్కువకాలం ఉంటుంది. నలభైలలో ఉన్న మనిషికి 15 మిల్లీమీటర్ల గడ్డ లేస్తే ఆ నింద బి.సి.జి. మీద వేసే ముందు ఇగ్రా చేయించుకోవాలి. అది పాజిటివ్ వచ్చినా జబ్బు ఉన్నట్టు కాదు, ఎప్పుడో సోకిందనే అర్థం. అలాంటి పదిమందిలో తొమ్మిదిమందికి జన్మలో జబ్బు రాదు. కానీ ఆ పదో మనిషి ఎవరో ముందు తెలియదు. షుగరు, కీళ్ళవాతానికీ పేగుల జబ్బుకీ ఇచ్చే కొత్తరకం ఇంజెక్షన్లు, కిడ్నీ మార్పిడి లాంటివి ఉంటే ఆ లెక్క ఇంకా మారిపోతుంది. మూడు నాలుగు నెలల మందులతో ముందే అడ్డుకోవచ్చు. నిద్రలో ఉన్న క్షయ ఎవరికీ అంటదు, ఉద్యోగం పోదు, పెళ్ళి ఆగాల్సిన పనీ లేదు.

బాబు భుజం మచ్చ సంగతి: ఐర్లండులో 2015లో బి.సి.జి. సరఫరా ఆగిపోయింది, కనక ఆ తరవాత ఇక్కడ పుట్టిన మన పిల్లలకి మామూలుగా అది పడలేదు. నెలల పసికందుని ఊళ్ళో చాలాకాలం ఉంచబోతుంటే వేయించడానికి కారణం ఉంది. పదేళ్ళ పిల్లవాడు మూడువారాలు తాతగారింటికి వెళ్ళొచ్చేదానికి అంతగా లేదు. మధ్యలో ఉన్నవాళ్ళు మీ జి.పి.ని అడగండి. వేయిస్తే మాత్రం తేదీ రాసిన కాగితం దాచుకోండి, పదేళ్ళ తరవాత చర్మపరీక్ష చదివే డాక్టరుకి అది కావాలి.

ఆవులకి మాత్రం ఇంకా వాక్సిన్ లేదు. ఐర్లండు పొలాల్లో బోవిస్‌ని మోసే బాడ్జర్ అనే జంతువు ఒకటుంది, మొహం మీద నలుపు తెలుపు చారలతో. 2018 నుంచి వాటికి బి.సి.జి. వేస్తున్నారు, బోనులో పట్టి సూదివేసి వదిలేస్తారు. అదే బి.సి.జి. ఆవుకి వేస్తే చర్మపరీక్షలో కింద గడ్డ లేచి, ఆరోగ్యంగా ఉన్న ఆవుని రియాక్టరంటారు. అందుకే యూరప్ చట్టం ఒప్పుకోదు. ఈసాట్-6, సి.ఎఫ్.పి.-10, ఇంకో ప్రోటీను కలిపిన కొత్త చర్మపరీక్షని 2021 నుంచి బ్రిటన్‌లో పొలాల్లోనే పరీక్షిస్తున్నారు. వాక్సిన్ వేసిన ఆవుకి గడ్డ లేవకూడదు, బోవిస్ సోకిన ఆవుకి లేవాలి. ఆ పని తేలితే మా వెనకింటి పెద్దాయన ఆవుల మెడమీద వేసే రెండు సూదుల్లో పి.పి.డి. కషాయాలు పోయి ఇలాంటి పుట్టుమచ్చలే మిగులుతాయి.